వర్డ్‌ప్రెస్ అనువాదాలు: ఇరుకంతా సమీక్ష దగ్గరే

వెబ్‌సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. దాన్ని వాడేవాళ్లు, తయారుచేసేవాళ్లు కలిసే సభలు వర్డ్‌క్యాంప్‌లు. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఈ సభల్లో ఇప్పుడు ఉపన్యాసాలతో పాటు, వచ్చినవాళ్లు స్వచ్ఛందంగా ఆ సాఫ్ట్‌వేర్‌కు పనిచేసే కంట్రిబ్యూటర్ డే కూడా ఉంటోంది. కోడ్ రాని కొత్తవాళ్లు చాలామంది, తెరపై కనిపించే ఇంగ్లిష్ వాక్యాలను తమ భాషలోకి మార్చే అనువాదం బల్ల దగ్గరే కూర్చుంటారు. సాయంత్రం ఎందరు వచ్చారో, ఎన్ని వాక్యాలు చేశారో చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. వాటిలో ఎన్ని వాడుకలోకి వచ్చాయో అడిగేవాళ్లు తక్కువ.

వర్డ్‌ప్రెస్.ఆర్గ్‌లో ఖాతా ఉన్న ఎవరైనా అనువాదం పంపొచ్చు. అది ‘వెయిటింగ్’లో పడుతుంది. ఆ భాష మొత్తాన్ని చూసే జనరల్ ఎడిటరో, ఆ ఒక్క ప్లగిన్‌కు (సైట్‌కు అదనపు సౌకర్యం చేర్చే ప్రోగ్రామ్‌కు) అనుమతి పొందిన ప్రాజెక్ట్ ఎడిటరో ఆమోదించాలి. ప్లగిన్ వాక్యాల్లో 90 శాతం ఆమోదం పొందితే గానీ అనువాదాన్ని వాడేవాళ్ల సైట్లకు చేర్చే మొదటి భాషా ప్యాక్ తయారు కాదు. వంద వాక్యాల ప్లగిన్‌ను పూర్తిగా తెలుగు చేసినా, ఆమోదం 89 దగ్గర ఆగితే వాడేవాళ్లకు ఇంగ్లిషే కనిపిస్తుంది. పదిమంది పది ప్లగిన్లు పట్టుకుని తలా కొంత చేసినా అంతే. చిన్న ప్లగిన్ ఒకటే ఎంచుకుని, ఎడిటర్‌ను ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టుకుంటే సాయంత్రానికి పని తేలుతుంది. ఖాతాలు ముందే తెరిపించాలి. లేకపోతే కన్ఫర్మేషన్ మెయిళ్లు, హాల్ వైఫై కలిసి మొదటి గంటను మింగేస్తాయి.

ఎడిటర్లు తిప్పికొట్టేవాటిలో యంత్రానువాదాన్ని చదవకుండా అతికించినవి ఒక రకం. చూపుకు ఆనని తప్పులు మరో రకం. వాక్యంలో పేరు, తేదీ వచ్చి చేరే చోట శాతం గుర్తుతో ఒక కోడ్ ఉంటుంది. తెలుగులో వరుస మారితే ఆ కోడ్‌లకు అంకెలు ఇవ్వాలి. ఇవ్వకపోతే రచయిత పేరు ఉండాల్సిన చోట తేదీ వచ్చి కూర్చుంటుంది. విభక్తితో ఇంకో చిక్కు. అక్కడికి ‘రవి’ వస్తే ‘ని’ కావాలి, ‘రాము’ వస్తే ‘ను’ కావాలి. కోడ్‌కు ప్రత్యయం అంటించకుండా ‘తొలగించిన సభ్యుడు:’ అని రాసి పేరును చివర పెట్టడమే క్షేమం. ఇలాంటివి పట్టుకోవాలంటే వాక్యం వాక్యం చూడాలి. ఒక్కరోజు ఉత్సాహంతో అయ్యే పని కాదది.

మరి ఆ సమయం ఎవరిస్తారు? 2025 జనవరిలో, వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటోమాటిక్ సంస్థ వర్డ్‌ప్రెస్‌కు ఇచ్చే పనిగంటలను వారానికి సుమారు 45కు కుదించింది. అదే ఏడాది మే నెలలో మళ్లీ పనిచేయడానికి ముందుకొచ్చింది. ‘స్వచ్ఛంద’ ప్రాజెక్టు జీతమిచ్చే కంపెనీల నిర్ణయాల మీద ఎంత ఆధారపడిందో ఆ నెలల్లో అందరికీ తెలిసొచ్చింది. వర్డ్‌ప్రెస్‌తో లాభపడే సంస్థలు తమ వనరుల్లో 5 శాతం తిరిగివ్వాలన్న పిలుపు 2014 నుంచీ ఉంది. నలభై గంటల వారంలో అది రెండు గంటలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వర్డ్‌ప్రెస్ సైట్లు కట్టి బతికే సంస్థలు సభలో బ్యానర్ కట్టడానికి బదులు, తెలుగు బాగా వచ్చిన ఒక ఉద్యోగికి ఆ రెండు గంటలు ఇవ్వొచ్చు. తమ క్లయింట్లు వాడే ప్లగిన్‌కు అతను కొన్ని అనువాదాలు పంపి, జనరల్ ఎడిటర్ చెప్పిన దిద్దుబాట్లు చేసి, ఆపై ప్రాజెక్ట్ ఎడిటర్ హోదా కోరాలి. ప్లగిన్ తయారుచేసినవాళ్లు కూడా అతని తరఫున అడగొచ్చు.