సవరణ: ఆయిల్ పెంచితే మిక్చర్ రిచ్ అవదు

యమహా బాన్షీ 350 క్వాడ్ (టూ-స్ట్రోక్ ఇంజిన్ ఉన్న నాలుగు చక్రాల బండి) గురించి మొన్న రాసినదాంట్లో ఒక సలహా తప్పు. ఎక్స్‌పాన్షన్ పైపులు (టూ-స్ట్రోక్ ఇంజిన్ పొగ గొట్టాలు) మార్చాక ఇంజిన్ వేడెక్కుతుంటే, పెట్రోల్‌లో కలిపే ఆయిల్ 32:1 (32 వంతుల పెట్రోల్‌కు ఒక వంతు ఆయిల్) నుంచి 20:1కి పెంచండి, మిక్చర్ రిచ్ అవుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోల్ ఎక్కువవుతుంది అన్నాను. జరిగేది దానికి తలకిందులు. 5 లీటర్ల పెట్రోల్‌లో 156 మి.లీ. బదులు 250 మి.లీ. ఆయిల్ పోస్తే, అదే జెట్‌లోంచి (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) వెళ్లే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది. అంటే మిక్చర్ లీన్ అవుతుంది (గాలికి తగ్గ పెట్రోల్ ఉండదు), వేడి ఇంకా పెరుగుతుంది. సైలెన్సర్ పొగ చూసి రిచ్ అనుకున్నాను, అది ఆయిల్ పొగ.

టూ-స్ట్రోక్ ఇంజిన్లు విప్పి కట్టే మెకానిక్ ఒకాయన ఈ తప్పు పట్టుకున్నారు. ట్యూనింగ్ పుస్తకాలు తిరగేస్తే అక్కడా ఇదే ఉంది. పైపులు మార్చినా, ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీసినా పెంచాల్సింది మెయిన్ జెట్ సైజు, అదీ రెండు కార్బ్యురేటర్లలోనూ. తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి, పింగాణీ తెల్లగా పాలిపోయి ఉంటే ఇంకా లీన్ కిందే లెక్క.

రాజ్‌దూత్ 350 (అదీ యమహా టూ-స్ట్రోక్ ఇంజిన్ బైకే) ఉన్నవాళ్లు దీన్ని అలాగే పాటించకండి. మీ బండికి విడిగా ఆయిల్ పంపు ఉంటుంది. బాన్షీకి లేదు, ట్యాంకులోనే కలపాలి.