టికెట్టు కింద కొట్టండి, బస్సును కదలనివ్వండి

మొన్న మా అత్తయ్యని ఒడిశాలోని మా బరంపురం పాత బస్టాండు నుంచి ఎంకేసీజీ ఆస్పత్రికి బస్సులో తీసుకెళ్లాను. ఆవిడ 50 నోటు ఇచ్చింది. "మాఉసీ, ఖుచురా అఛి?" (పిన్నీ, చిల్లర ఉందా?) అన్నాడు కండక్టరు ఒడియాలో. "లేదు నాయనా" అంది ఆవిడ తెలుగులోనే. అతను 30 రూపాయలు చేతిలో పెట్టి, ఇంకా రావలసిన 7 రూపాయలు టికెట్టు వెనక పెన్నుతో రాసి, దిగేటప్పుడు తీసుకోమన్నాడు. ఆస్పత్రి స్టాపు వచ్చేసరికి అతను బస్సు చివర ఇంకెవరితోనో చిల్లర లెక్కలో ఉన్నాడు. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి అంతమందిని తోసుకుని వెనక్కి వెళ్లగలదా? దిగిపోయాం. ఆ టికెట్టు ఇంకా ఆవిడ పర్సులోనే ఉంది.

7 రూపాయలు పోయాయని కాదు నా బాధ. ఆ బస్సు దారిలో రెండుసార్లు స్టాపు కాని చోట ఆగింది, టికెట్లు కొట్టడం పూర్తి కాలేదని. అరవై మంది కూర్చుని, నిలబడి, చెమటలు కక్కుతూ ఎదురు చూశారు. ఆ టైమే అసలు నష్టం, అది ఏ లెక్కల పుస్తకంలోనూ కనపడదు.

లెక్క చాలా తేలిక. ఒకే తలుపు దగ్గర ఇరవై మంది ఎక్కుతున్నారనుకోండి, ఒక్కొక్కరికి డబ్బు, చిల్లర, టికెట్టు కలిపి ఆరు సెకన్లు పట్టినా ఒక్క స్టాపులోనే రెండు నిమిషాలు. అలాంటి స్టాపులు పది తగిలితే ట్రిప్పుకి ఇరవై నిమిషాలు. డ్రైవరే టికెట్లు కొట్టే బస్సుల్లో జరిగేది సరిగ్గా ఇదే. కండక్టరు ఉన్న బస్సులో ఈ ఆలస్యం తలుపు దగ్గర నుంచి లోపలికి మారుతుంది, అంతే. రోజుకి ఒక బస్సు ఎనిమిది ట్రిప్పులు తిరగాల్సింది ఆరే తిరుగుతుంది, వెనక బస్సు ఖాళీగా వస్తుంది, ముందు బస్సు కిక్కిరిసిపోతుంది, జనం విసిగి షేర్ ఆటో ఎక్కుతారు. అప్పుడు "సిటీ బస్సుకి ఆదరణ లేదు" అంటారు!

దీనికి మందు మన దగ్గరే ఉంది. ఆర్టీసీలో పాతకాలం నుంచీ గ్రౌండ్ బుకింగ్ అనే మాట ఉంది. రద్దీ స్టాపులో కండక్టరు కింద నిలబడి, జనం బస్సెక్కక ముందే టికెట్లు ఇచ్చేయడం. దీన్నే పద్ధతిగా, రోజూ, పెద్ద స్టాపులన్నిట్లో చెయ్యమంటున్నాను. బస్సుతో పాటు తిరిగే కండక్టరు కాకుండా స్టాపులోనే ఉండే మనిషి, చేతిలో టికెట్ మిషను, నడుముకి చిల్లర సంచి. బస్సు రాగానే రెండు తలుపులూ తెరవాలి, టికెట్టు చేతిలో ఉన్నవాళ్లు ఏ తలుపు దగ్గరున్నా ఎక్కేయాలి. అహ్మదాబాద్‌లో జన్‌మార్గ్ అనే బస్సు సర్వీసు 2009లో మొదలైనప్పటి నుంచి స్టేషన్లోనే టికెట్టు తీసుకుని ఎక్కే పద్ధతి పెట్టింది. బ్రెజిల్లోని కురిటీబా 1991లోనే గొట్టాల్లాంటి స్టాపులు కట్టి, డబ్బు కట్టాకే లోపలికి రానిచ్చి, బస్సు వచ్చాక అన్ని తలుపులూ తెరిచింది. మనకి గాజు స్టేషన్లు అక్కర్లేదు. ఒక గొడుగు, ఒక స్టూలు చాలు.

అన్ని తలుపులూ తెరిస్తే టికెట్టు లేకుండా ఎక్కేస్తారు అంటారు. భయం న్యాయమే. కానీ శాన్‌ఫ్రాన్సిస్కో 2012లో అన్ని తలుపుల్లోంచి ఎక్కనిచ్చాక టికెట్ల ఎగవేత పెరగలేదు, తగ్గింది. 2009లో 9.5 శాతం ఉన్నది 2014కి 7.9కి వచ్చింది. కింద డ్యూటీ వేసే వాళ్లలో ఇద్దరిని చెకింగుకి పెట్టండి, సరిపోతుంది.

ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య ఎవరిని అడిగినా "యాప్ పెడితే అయిపోతుంది" అంటున్నారు. అయిపోదు. లండన్ 2014 జులైలో బస్సుల్లో నగదు తీసుకోవడం ఆపేసింది, ఎందుకంటే అక్కడ అప్పటికే దాదాపు అందరి జేబులో కార్డుంది. మా అత్తయ్య దగ్గరున్నది బటన్ ఫోను. తెల్లారకముందే గోపాల్‌పూర్ నుంచి చేపల గంప దించుకునే మనిషి దగ్గర తడి చేతులు, తడి నోట్లు ఉంటాయి. యూపీఐ ఉంచండి, కానీ నగదు తియ్యకండి. చార్జీని 10, 20, 30 మెట్లలో పెట్టండి. పదమూడూ పదిహేడూ అనే అంకెలే ఈ టెన్షన్‌కి మూలం. పది రూపాయల నాణెం చెల్లదని మొహం తిప్పుకోవడం కూడా ఆగాలి, 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది.

అసలు నాకు కడుపు మండేది ఇక్కడ కాదు, సరిహద్దుకి అవతల ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురం దగ్గర. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. మంచి పథకం. కానీ ఆంధ్ర అడ్రసున్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపాలి, రాష్ట్రాలు దాటే సర్వీసులకి వర్తించదు. అత్తయ్య పుట్టింది ఇచ్ఛాపురంలోనే, కాపురం బరంపురంలో. రైల్లో వెళ్లి అక్కడ పల్లెవెలుగు ఎక్కితే పక్క సీట్లో సొంత చెల్లెలికి జీరో టికెట్టు, ఈవిడకి పూర్తి చార్జీ. ఒడిశా వేరు పడినప్పుడు 1936 ఏప్రిల్ 1న గీసిన గీత ఇన్నేళ్ల తర్వాత ఒకే కడుపున పుట్టిన ఇద్దరి మధ్య, ఒకే సీటు మీద పడుతోంది. ఇటు ఒడిశాలో మమ్మల్ని తెలుగువాళ్లంటారు, అటు ఆంధ్రలో ఒడిశావాళ్లంటారు. పథకం రాసేటప్పుడు ఈ రెండు వైపులా ఎవరికీ మేం గుర్తుకు రాం.

దేశమంతా ఒకే కార్డు అని నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు 2019 మార్చిలో మొదలుపెట్టారు. అయితే సరిహద్దుకి ఇటు పాతికేసి కిలోమీటర్లు, అటు పాతికేసి కిలోమీటర్లు రెండు రాష్ట్రాల బస్సుల్లోనూ అది పనిచేయాలి, రాయితీ కూడా దాని మీదే రావాలి, ఖర్చు రెండు ప్రభుత్వాలూ పంచుకోవాలి. అది తేలేలోగా పాత బస్టాండులో పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మిషన్లతో ఇద్దరిని కింద నిలబెట్టండి. ఒక్క నెల చూడండి, ఎన్ని ట్రిప్పులు పెరిగాయో మీ రిజిస్టర్లోనే రాసుకోండి.