మండేలా వేషానికి ఆ పిల్లాడే ఎందుకు?

ఇంటికొచ్చి రెండు గంటలైంది. ఇంకా కోపం తగ్గలేదు.

తొమ్మిదో తరగతికి దక్షిణాఫ్రికా పాఠం చెబుతున్నాను. ఫొటోలు కావాలి, చిన్న నాటిక వేయించండి అన్నారు స్కూల్ వాళ్ళు. మండేలాగా ఎవరు వేస్తారని అడిగానో లేదో, క్లాసంతా ఒకే పిల్లాడి పేరు అరిచింది. ఎందుకో మీకూ అర్థమయ్యే ఉంటుంది. పిల్లలు నవ్వారంటే సరే, పిల్లలు. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇద్దరు పెద్దవాళ్ళూ నవ్వారు. "మేకప్ ఖర్చు మిగిలింది" అన్నారు ఒకరు. ఆ పిల్లాడు కూడా తల దించుకుని నవ్వాడు. వాడి నవ్వు చూశాకే నాకు ఒళ్ళు మండింది. నాటిక ఆపేశాను. "ఇంత చిన్నదానికి ఎందుకు మేడమ్ టెన్షన్" అన్నారు.

చిన్నదా? ఆ దేశంలో 1950లో ఒక చట్టం తెచ్చి ప్రతి మనిషికీ జాతి పేరు రాసిపెట్టారు. ఎవరిదే జాతో తేలకపోతే జుట్టులో పెన్సిల్ దూర్చి చూసేవాళ్ళు. జారి కింద పడితే ఒక జాతి, చిక్కుకుంటే ఇంకొకటి. ఒక తల్లి పిల్లలే వేరువేరు జాతుల్లో తేలిన ఇళ్ళున్నాయి. ఆ కాగితాన్ని బట్టే ఏ పేటలో ఉండాలో, ఏ బడికి పోవాలో, ఎవర్ని పెళ్ళి చేసుకోకూడదో. ఇదంతా చేసింది ఆఫీసుల్లో కూర్చుని ఫారాలు నింపిన మామూలు గుమాస్తాలు. నేను చెప్పాలనుకున్నది అది. పిల్లల నోట్సులో ఉన్నదేమో "వర్ణవివక్ష అనగానేమి?", రెండు మార్కులు. మండేలా 27 ఏళ్ళు జైల్లో ఉన్నారు. అయిపోయింది, పక్క పాఠం.

జొహన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ళ పేట సొవెటో, దాని గురించి చెప్పడానికి నాకు ఒక్క పీరియడ్ ఇవ్వలేదు. అక్కడి నల్లపిల్లలకు లెక్కలు, సోషల్ పాలించే తెల్లవాళ్ళ భాష ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలని 1974లో హుకుం వచ్చింది. పిల్లలకు రాని భాష, చాలామంది టీచర్లకే సరిగా రాని భాష. 1976 జూన్ 16న బడిపిల్లలు వేలమంది రోడ్డెక్కారు. పోలీసులు కాల్చారు. ఆ కాల్పుల్లో చనిపోయిన హెక్టర్ పీటర్సన్‌కు అప్పటికి 12 ఏళ్ళు. నా ముందు బెంచీల్లో కూర్చునే వాళ్ళకన్నా చిన్నవాడు. మీడియం గురించి పొద్దస్తమానం కొట్టుకునే మనం ఈ కథ మన పిల్లలకు చెప్పకపోతే ఎలా? కానీ ఆ పీరియడ్ లెక్కలకు పోయింది. ప్రతి ఏడూ సోషల్ పీరియడే పోతుంది.

మనకేం సంబంధం అంటారు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఓడల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో మన విశాఖపట్నం వైపు వాళ్ళూ ఉన్నారు. తరాల తరబడి అక్కడే ఇళ్ళు కట్టుకున్నాక, ఇది మీరుండే చోటు కాదని ఏ జాతి ఏ పేటలో ఉండాలో చెప్పే చట్టం చూపించి డర్బన్‌లో కేటో మేనర్ అనే పేట నుంచి లేపి, భారతీయులకని విడిగా కట్టిన చాట్స్‌వర్త్‌లో పడేశారు. తెలుగువాళ్ళ ముంగిళ్ళ మీదికే వచ్చిన చట్టం అది.

అసలు నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. మూడేళ్ళ కిందట ఇదే పాఠం మధ్యలో ఒక కుర్రాడు లేచి, "మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర మా తాతకి వేరే గ్లాసు ఉండేదంట టీచర్, అదీ ఇదేనా?" అని అడిగాడు. పుస్తకం మూసేసి ఆ రోజంతా రెండు గ్లాసుల గురించే మాట్లాడుకున్నాం. ఊరి చివర వాడ ఎందుకుంటుందో, దాన్ని వెలివాడ అని ఎందుకన్నారో వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత బాగా జరిగిన క్లాసు లేదు. మర్నాడు ఎవరో తండ్రి ఫోన్ చేశారు, క్లాసులో కులం మాట్లాడుతున్నారని. ఆఫీసుకు పిలిచి క్షమాపణ రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ఇంటి అద్దె, మా అమ్మాయి ఫీజు గుర్తొచ్చి రాసిచ్చాను.

ఆ కుర్రాడు పదో తరగతి అయిపోయేదాకా మళ్ళీ నా క్లాసులో చెయ్యెత్తలేదు. ఇవాళ తల దించుకుని నవ్విన పిల్లాణ్ణి చూస్తే వాడే గుర్తొచ్చాడు.

రేపు మూడో పీరియడ్ నాది. పెన్సిల్ సంగతి, సొవెటో, రెండు గ్లాసులు, అన్నీ చెబుతాను. ఆఫీసు నుంచి పిలుపొస్తే వెళ్తాను. ఈసారి మాత్రం ఏమీ రాసివ్వను.