అరవై క్యాండిల్ బల్బు

మా అవ్వ లెక్కలో బల్బులు మూడే రకాలు: జీరో క్యాండిల్, నలభై క్యాండిల్, అరవై క్యాండిల్. వాట్లు అనే మాట అనంతపురం పాతూరులో మా ఇంటి గడప ఇంకా తొక్కలేదు.

మొన్న శుక్రవారం వాన పడింది (మా ఊళ్ళో వాన పడితే వారం కూడా గుర్తుంటుంది). ఆ సాయంత్రమే నడవలో పాత బల్బు టప్పుమని మాడిపోయింది. అవ్వ కొంగుముడి విప్పి, "అరవై క్యాండిల్‌దే తేరా" అని డబ్బులిచ్చింది.

నేను డిగ్రీ చదివినవాణ్ణి కదా, అంగడికి పోయి అరవై వాట్ల ఎల్ఈడీ అడిగాను. అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, "ఫంక్షన్ హాలుకా అన్నా?" అన్నాడు.

"ఇంటికే."

"ఇంటికైతే తొమ్మిది వాట్లు చాలన్నా."

"తొమ్మిదా! మా అవ్వకు కళ్ళలో శుక్లాలప్పా!"

అరవై లేదు, యాభై ఉందన్నాడు. పది తగ్గినందుకు అవ్వ ఏమంటుందోనని గుంజాటన పడుతూనే తెచ్చాను. బల్బు పాలచెంబంత ఉంది. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

స్విచ్ వేశాను. నడవలో మిట్టమధ్యాహ్నమైంది. సున్నం కింద మా చెల్లెలు చిన్నప్పుడు బొగ్గుతో రాసిన 'అ, ఆ'లు కూడా బయటపడ్డాయి. అవ్వ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని, "అప్పుడే తెల్లారిందేమిరా?" అంది. ఎదురింటి అత్త పరుగున వచ్చి, "పెండ్లిచూపులా? మాకో మాటైనా చెప్పలేదే!" అని నిష్ఠూరమాడింది. ఆమె వెనకాలే ఉసిళ్ళు వచ్చాయి. పాతూరులో ఉన్న ఉసిళ్ళన్నీ. పప్పులో పడ్డవి పడగా మిగిలినవి అవ్వ ముడిలో దూరాయి. చివరికి బల్బు ఆర్పేసి, మేము ఆ రాత్రి అన్నం తిన్నది అసలుసిసలు ఒక్క క్యాండిల్ వెలుగులో.

పొద్దున్నే మళ్ళీ అంగడికి పోయాను. డబ్బా చింపితే వాపసు లేదట. పాఠం మాత్రం ఊరికే చెప్పాడు. "వాట్లంటే బల్బు తినే తిండన్నా. వెలుగు లెక్క వేరే, అది లూమెన్లు, డబ్బా మీదే ఉంటాది. పాత అరవైది తిన్నదంతా వేడికే తగలేసి, ఇచ్చేది 700, 800 లూమెన్లు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ కూడా అంతే ఇస్తాది." లెక్క కట్టి చూశాను. రోజుకు 5 గంటలు వెలిగితే పాతది నెలకు 9 యూనిట్లు, కొత్తది ఒకటిన్నర కూడా కాదు. నేను తెచ్చిన ఘనకార్యం అరడజను పాత బల్బులతో సమానం. అది ఇప్పుడు వినాయక చవితి కోసం అటక మీద కూర్చుంది.

అవ్వకు చెబితే వెంటనే అర్థమైంది. "మూడు ముద్దల సంకటి తిని మంచం దిగని మీ తాత పాత బల్బన్నమాట" అంది.

ఆ ఊపులో దేవుడి గూట్లో జీరో బల్బు గుట్టు కూడా విప్పాను. అది తినేది సున్నా కాదు, దాదాపు 15 వాట్లు. పాత తిరుగుడు మీటర్లకు అంత చిన్న తిండి సరిగా ఆనేది కాదు కాబట్టి సున్నా కింద చెల్లిపోయింది.

"పేరు సున్నా, తినేది పదిహేనా!" అని అవ్వ ముక్కున వేలేసుకుంది. ఆ రోజు శనివారం, ఆమెకు ఒక్కపొద్దు. "అయితే అది నా మాదిరిదేరా" అంటూ, రెండో ప్లేటు ఉగ్గాని ముందుకు లాక్కుంది.