గిర్రున తిరిగే చక్రానికి ఓ చూలాలి ఉత్తరం

మహారాజశ్రీ వెయిటింగ్ రూమ్ చక్రం గారికి,

గోపాలపట్నం నుంచి 33వ వారం గర్భిణి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయుల్లో మీరు కుశలమే, నా సంగతి కింద రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం 2 గంటలకి ఫోన్‌లో డాక్టరమ్మతో వీడియో అపాయింట్‌మెంట్. 'డాక్టర్ గారు కాసేపట్లో మాట్లాడతారు' అని మీరు తిరగడం మొదలెట్టారు. అప్పటికి నా బీపీ 136/86. మూడైంది. బాత్‌రూమ్‌కి లేవాలి. ఈలోగా ఆవిడ వచ్చేస్తే? 'పేషెంట్ హాజరు కాలేదు' అని పోయినసారి రాసేశారుగా, డబ్బులూ పోయాయి. అందుకని మిమ్మల్ని పట్టుకుని మా అత్తగారు తలుపు బయట కాపలా. "ఏటమ్మా, ఇంకా తిరుగుతోందేటి ఇది?" అని లోపలికి కేక.

2016 నుంచి ప్రతి నెలా 9న సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకి పరీక్షలు చేస్తున్నారు. అక్కడా కూర్చోవాల్సిందే. కాకపోతే ముందు ఎంతమందున్నారో కళ్ళతో లెక్కపెట్టుకోవచ్చు. మీ దగ్గర నా ముందు ముగ్గురో, ముప్పైమందో! ఆ ఒక్క అంకె చెప్పడానికి మీకేం నొప్పి? నొప్పులు పడాల్సింది నేను కదండీ.

4:10కి డాక్టరమ్మ వచ్చారు. మంచావిడ. తలనొప్పా, కళ్ళు మసకలా, బిడ్డ కదులుతోందా అని ఓపిగ్గా అడిగారు. కాలి వాపు చూపించమన్నారు. కుర్చీ మీద కాలు పెట్టాను, అత్తగారు చీలమండ పైన బొటనవేలితో నొక్కారు, గుంట పడింది. ఆ గుంటని కెమెరాకి చూపించేలోపే తెర మీద డాక్టరమ్మ నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. మధ్యలో మళ్ళీ తమరి ప్రదక్షిణ! సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లండీ. దానికీ ఒక చివరంటూ ఉంది.

ఓటీపీ మూడుసార్లు అడిగారు, పోనివ్వండి. 'మా సేవకి ఎన్ని నక్షత్రాలు?' అన్నారు, అదీ పోనివ్వండి.

కాసేపు పక్కకి ఒరిగి, లేచి బీపీ చూసుకుంటే 148/94. 140/90 దాటితే వెంటనే కాల్ చెయ్యమన్నారు. చేశాను. ఎవరెత్తారు? నువ్వే! సిగ్గులేదూ? రెండు ప్రాణాలతో కూర్చున్నదాన్ని, నా ముందు బొంగరంలా తిరుగుతావా?

ఆటో ఎక్కి ఎన్ఏడీ జంక్షన్ దాటి ఆస్పత్రికి పోయాం. చీటీ మీద నాది పదకొండో నంబరు. బెంచీ మీద ముందు పదిమంది. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. అత్తగారి సంచిలో నువ్వింకా తిరుగుతూనే ఉన్నావు.