బోర్డుల మీద జపనీస్, పోస్టర్ మీద తెల్లమొహం

భవిష్యత్తు పాడైపోయిందని చూపించడానికి హాలీవుడ్‌కి ఒకటే కిటుకు. ఆగని వాన, జపనీస్ అక్షరాల నియాన్ బోర్డులు, రోడ్డు పక్కన నూడుల్స్ కొట్టు. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్'లో లాస్ ఏంజెలెస్ వీధుల నిండా ఆసియా వాళ్లే. మరి కథలో వాళ్ల వాటా? నూడుల్స్ వడ్డించడం, కృత్రిమ కళ్లు తయారుచేయడం. ఆ కళ్లు చేసే జేమ్స్ హాంగ్ కూడా గడ్డకట్టే గదిలో కోటు చింపించుకుని వణకడానికే వస్తాడు. 35 ఏళ్లకి రెండో భాగం తీశారు, బోర్డులు అవే, వరసా అదే.

జపాన్ కామిక్ నుంచి తీసిన 'ఘోస్ట్ ఇన్ ది షెల్' (2017) అయితే మరీ బరితెగించింది. స్కార్లెట్ జొహాన్సన్ యంత్రశరీరంలో ఉన్నది మోటోకో కుసనాగి అనే జపాన్ అమ్మాయి మెదడట! తెల్ల నటిని తెచ్చిపెట్టిన సంగతిని కథలోనే ట్విస్టుగా చుట్టేశారు. కన్నతల్లి పాత్రకి మాత్రం జపాన్ నటే కావాల్సి వచ్చింది.

'ఎలీసియం'లో 2154 నాటి మురికివాడంతా స్పానిష్ మాట్లాడుతుంది. హీరో మాత్రం తెల్ల నటుడు మాట్ డేమన్. మెక్సికో నటుడు డీగో లూనాది హీరో స్నేహితుడి పాత్ర, అంటే మధ్యలోనే పోతాడని వేరే చెప్పాలా?

గుంపులో రంగులు లెక్కపెట్టి మురిసిపోకండి. ఎవరి పాత్రకి పేరుంది, ప్లాన్ ఎవరు వేస్తారు, క్లైమాక్స్ దాకా ఎవరు మిగుల్తారు, అవి చూడండి.