పెద్దసారు కుర్చీకి కావాల్సిన చదువు ఏది?

హెడ్మాస్టర్ ప్రమోషన్ల మాట వినపడితే చాలు, నల్లగొండ, పాలమూరు టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "సార్, ఎంఎడ్ చేయాల్నా, ఎంఏ ఎడ్యుకేషన్ సరిపోతదా, ఇగ్నో (దూరవిద్య యూనివర్సిటీ) డిప్లొమా మంచిదా?" జవాబూ ఒకటే: "ఏదో ఒకటి కట్టేయండి సార్, సర్టిఫికెట్ పడి ఉంటది." ఈ జవాబు చూసినప్పుడల్లా కడుపు మండుతది. బడి నడిపే విద్యను తన బడి మీదనే చదవాలి. అట్ల చదవనప్పుడు ఆ ఫీజు దండగ, ఆ రెండేళ్లూ దండగ.

స్కూల్ అసిస్టెంట్ గెజిటెడ్ హెడ్మాస్టర్ కావాలంటే ఏం చూస్తున్నరు? సీనియారిటీ, దాంతోపాటు డిపార్ట్‌మెంటల్ టెస్టులు: గెజిటెడ్ ఆఫీసర్ల (జీవో) టెస్టులో 88, 97 నంబర్ల పేపర్లు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల (ఈవో) టెస్టులో 141 నంబర్ పేపరు. సెలవుల నిబంధనలు, బిల్లులు, ట్రెజరీ పద్ధతులు తెలియకుండా ఆఫీసు నడవదు, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలకు భిన్నాలు రాకపోతే, లెక్కల సారు వాళ్లను వదిలేసి సిలబస్ పూర్తి చేసుకుంటూ పోతుంటే హెడ్మాస్టర్ ఏం చేయాలి? ఆ పేపర్లు దీనికి తయారు చేయవు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపల్ లైసెన్సుకు మాస్టర్స్ స్థాయి చదువు, బడిలో ఇంటర్న్‌షిప్ అడుగుతరు. మన దగ్గర నిన్నటిదాకా సోషల్ చెప్పిన సారుకు ఇవ్వాళ ఆర్డరిచ్చి, రేపు బడి తాళంచెవి ఇస్తున్నం.

2008లో న్యూజిలాండ్ విద్యా పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్ బృందం అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టింది. బడి పెద్ద చేసే ఐదు రకాల పనుల్లో పిల్లల చదువు మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం (ఆ లెక్కలో సూచిక 0.84), టీచర్లు నేర్చుకునే చోట తానూ కూర్చుని నేర్చుకోవడానిదే. వనరులు సమకూర్చడానిది 0.31, క్రమశిక్షణ గల వాతావరణానిది 0.27. మనమేమో చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుకు టీచర్లను పంపి, హెడ్మాస్టర్‌ను యూడైస్ (బడుల వివరాల ఆన్‌లైన్ లెక్క) ఎంట్రీల ముందు కూర్చోబెడుతున్నం. క్లర్కు లేని బడిలో ఆయన మాత్రం ఏం చేస్తడు!

తరగతి పరిశీలన సంగతే తీసుకోండి. వెనక బెంచీ మీద పది నిమిషాలు కూర్చుని, రిజిస్టర్లో "బోధన బాగుంది, టీఎల్ఎం (బోధన సామగ్రి) వాడాలి" అని రాసి సంతకం పెడితే అది పరిశీలన కాదు. ముందురోజే టీచర్‌తో ఐదు నిమిషాలు మాట్లాడి ఏ పాఠమో, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నరో అడగాలి. పీరియడ్ మొత్తం కూర్చోవాలి. టీచర్ చెప్పినదాని కన్నా పిల్లలు చేసింది రాసుకోవాలి, అదీ ఐదు నిమిషాలకోసారి: ఎవరు నోరు తెరిచిండ్రు, ఎవరు బోర్డు మీదిది దించుకుని ఊరుకున్నరు, ప్రశ్న అడిగినంక టీచర్ ఎన్ని సెకన్లు ఆగిండు, జవాబు చెప్పింది రోజూ చెప్పే ఆ నలుగురేనా. అదే రోజు కూర్చుని మాట్లాడి, మార్చుకోవాల్సింది ఒక్కటే తేల్చాలి. పదిహేను రోజుల్లోపు మళ్లీ పోయి ఆ ఒక్కటే చూడాలి. ఇది చెడిపోయే చోటు కూడా చెప్త. ఏడెనిమిది లోపాలు ఒకేసారి ఏకరువు పెడితే టీచర్ చెవులు మూసుకుంటడు. ఆ కాగితాన్ని ఒక్కసారి మెమోకు వాడితే ఇక ఆ బడిలో ఏ టీచరూ మనస్ఫూర్తిగా తలుపు తెరవడు.

ఇక ఏ కోర్సు? టీచర్ల చదువులకు నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం ఎంఎడ్ రెండేళ్లు, 80 క్రెడిట్లు. బీఎడ్‌లో 50 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ వాళ్లకు సడలింపు ఉంటది. థియరీకి 80 శాతం, ఫీల్డ్ పనికి 90 శాతం హాజరు తప్పనిసరి. అంటే అచ్చంపేటలో రోజూ సంతకం పెట్టుకుంటూ రెగ్యులర్ ఎంఎడ్ చేయడం కుదరని పని. సెలవు మంజూరు కాగితం చేతికొచ్చినంకనే చేరాలి. ఒకే రోజు రెండు చోట్ల హాజరు పడిందని తేలితే సర్టిఫికెట్‌తోపాటు సర్వీసూ చిక్కుల్లో పడుతది. పైగా ఆ నిబంధనల్లో దూరవిద్యకు చోటున్నది డీఎల్ఎడ్‌కు, బీఎడ్‌కు మాత్రమే; ఎంఎడ్‌కు లేదు. "దూరవిద్యలో ఎంఎడ్, క్లాసులకు రానక్కర్లేదు, పరీక్ష కూడా మేమే చూసుకుంటం" అనేవాడు మోసగాడు, మొహమాటం లేకుండా చెప్తున్న.

ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నోలో విద్యా నిర్వహణ, పరిపాలన మీద పీజీ డిప్లొమా ఉంది, ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది. ఢిల్లీలోని నీపా (జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ) స్కూల్ లీడర్‌షిప్ కేంద్రానికి బడి నాయకత్వం మీదనే పీజీ డిప్లొమా ఉంది. నన్నడిగితే హెడ్మాస్టర్ కాబోయేవాళ్లకు ఇదే దగ్గరి దారి. ఆ కేంద్రం చెప్పే ఏడు అంశాల్లో పరిపాలన ఒక్కటే; మిగిలినవి బోధనను మార్చడం, జట్టును కట్టడం, ఊరిని కలుపుకోవడం వంటివి. ఏ దూరవిద్య కోర్సైనా డబ్బు కట్టకముందు యూజీసీ దూరవిద్య విభాగం జాబితాలో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరం మూడూ ఉన్నయో లేదో చూడాలి. యూనివర్సిటీ పేరుండి కోర్సు పేరు లేకపోతే పనికిరాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది డిసర్టేషన్, అంటే కోర్సులో రాసే పరిశోధన. నలభై ప్రశ్నల ఫారం, వంద మంది టీచర్లు, మగ-ఆడ తేడా, పల్లె-పట్నం తేడా, గణాంకాల "టీ" విలువ, చివరికి "గణనీయమైన తేడా లేదు". బైండింగ్ చేయించి బీరువాలో పెట్టడమే. గద్వాల దిక్కు గట్టు, మల్దకల్ మండలాల్లో సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనం కోసం పువ్వులను చేత్తో కలిపే పని) మొదలైతే పిల్లలు ఆ పనికి పోయి బడిలో బెంచీలు ఖాళీ అవుతయి. దేవరకొండ తండాల నుంచి తల్లిదండ్రులు వలస పోతే పిల్లలూ వెంట పోతరు. ఇంతకన్నా పెద్ద పరిశోధనాంశం ఎక్కడ దొరుకుతది? మూడేండ్ల హాజరు రిజిస్టర్లు తీసి పిల్లవారీగా, నెలవారీగా రాయండి. ఏ తరగతిలో, ఆడపిల్లలా మగపిల్లలా, ఏ వాడ నుంచి, పోయినోళ్లలో తిరిగొచ్చింది ఎందరు? వచ్చినోళ్లకు పోయిన పాఠాలు ఎవరు చెప్పిండ్రు? వలస కాలంలో పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ పెట్టిన ఏడాదికి, పెట్టని ఏడాదికి తేడా ఎంత? రిజిస్టర్లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క కలవని రోజులు తగులుతయి. భయపడి దాచొద్దు, పిల్లలు నిజంగా ఎప్పుడు మాయమైతున్నరో అక్కడే తెలుస్తది.

హాస్టళ్ల గురించి రాయకపోతే ఈ మాట సగమే. అమెరికాలో విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్లకు ప్రత్యేకంగా మాస్టర్స్ ఉంది. అక్కడి రెండు వృత్తి సంఘాలు కలిసి 2015లో సవరించిన జాబితాలో పది సామర్థ్యాలున్నయి. పిల్లల మాట విని దారి చూపడం, చట్టం, సమన్యాయం అన్నీ అందులో ఉన్నయి. మన వార్డెన్‌కు బియ్యం, కూరగాయలు, బిల్లులు తెలుసు. రాత్రి పదకొండింటికి ఇంటర్ పిల్ల అన్నం మానేసి మూలకు కూర్చుంటే ఏం అడగాలో, ఏం అడగొద్దో, ఎవరికి ఫోన్ చేయాలో ఎవరు నేర్పిండ్రు? 2025 జూలైలో సుప్రీంకోర్టు వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సిలర్ ఉండాలంది, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. డిగ్రీ కాలేజీల్లో, గురుకులాల్లో ఈ బాధ్యతను అదనపు డ్యూటీగా ఎవరో ఒక లెక్చరర్ నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవద్దు. మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ మన వార్డెన్ల కోసం, గురుకుల టీచర్ల కోసం సెలవుల్లో, శని ఆదివారాల్లో నడిచే పీజీ డిప్లొమా ఒకటి పెట్టాలి. చదివేవాళ్లకు మన జిల్లాల్లో కొదవ లేదు.

అప్పటిదాకా చేరబోయేవాళ్లు ఫీజు కట్టకముందు కాలేజీని మూడు అడగండి: డిసర్టేషన్ నా బడి మీద చేయనిస్తరా, గైడ్ ఒక్కసారైనా నా బడికి వస్తడా, ఇంటర్న్‌షిప్‌లో నడుస్తున్న హెడ్మాస్టర్ పక్కన కూర్చోబెడుతరా, లేక సంతకాల ఫారం ఇచ్చి పంపిస్తరా.